పది మూరల దూరము

బండికి ఇంత దూరము, గుఱ్ఱమునకు ఇంత దూరము, ఏనుగునకు ఇంత దూరము తొలగి నడువవలెనని లెక్క కట్టిన పూర్వపు నీతికారులు గుఱ్ఱమునకు పది మూరలు విధించిరి. చిట్టచివర దుర్జనుని పేరెత్తి, వాడున్న చోటనే ఉండరాదని వారు ముగించుటచే ఆ మాట వినువారికి నవ్వు తెప్పించును గాని, పది మూరల లెక్క మాత్రము నవ్వులాటకు చెప్పినది కాదు. గుఱ్ఱము వెనుకకాలు ఎంత బలముగా విసరినను ఆ దూరమున నున్నవానికి తగులదు. దారిన పోవువానికి ఈ నీతి చాలును.

గుఱ్ఱముతోడనే పని గలవాని సంగతి వేరు. లాయము ఊడ్చువాడు, మాలీసు చేయువాడు, లాడములు కొట్టువాడు, పశువైద్యుడు, పోలీసు శిక్షణలో చేరిన యువకుడు, స్వారి నేర్వవచ్చిన బాలిక, వీరందరును ప్రతిదినము ఆ పది మూరలను దాటి గుఱ్ఱము ప్రక్కకు పోవలసినవారే. ఆ కొద్దిపాటి నడకలోనే చాలమందికి గుండె జారును, అరచేతులు చెమర్చును.

ఇందులో ఒక వింత యున్నది. జీనుపై కూర్చున్నపుడు వెఱవనివారు సయితము నేలపై నిలిచి అదే గుఱ్ఱమును పట్టుకొనవలసి వచ్చినపుడు తడబడుచుందురు. ఆలోచించినచో దీనికి కారణము లేకపోలేదు. జీనుపై నున్నవానికి గుఱ్ఱపు పండ్లు అందవు, గిట్టలు తగులవు. కళ్లెము చేతిలో నుండును. నేర్పువాడు ఎదుట నిలిచి ఏమి చేయవలెనో చెప్పుచుండును. నేలపై నున్నవాడు ఆ గిట్టల దాపున, తనకంటె ఎత్తైన మెడ క్రింద, ఒంటరిగా నిలువవలెను. పైగా స్వారికి భయపడితినన్న వానిని ఎవరును ఆక్షేపింపరు. గుఱ్ఱమునకు పగ్గము తగిలించుటకు భయమైనదని చెప్పుకొనుట మాత్రము నామోషీ. అందుచేత ఈ భయము మాటలలోనికి రాదు. మాటలలోనికి రాని భయము చేతులలోనికి దిగును.

భయము తప్పు కాదు

స్వారికి వాడుకలో నున్న పెద్దజాతి గుఱ్ఱము సుమారు 450 మొదలు 500 కిలోల వరకు తూగును. అనగా సామాన్యుడైన మనిషికి ఏడెనిమిది రెట్లు. అది కావలెనని కాక, చూచుకొనక కాలు మోపినను పాదపుటెముకలు విరుగవచ్చును. ఈగను తోలుటకు తల విదిలించినను ముందు నిలిచినవాని ముఖము చిట్లవచ్చును. గుఱ్ఱముల వలన కలుగు గాయములన్నియు పైనుండి పడుట వలననే కలుగునని అనుకొనుట పొరపాటు. పగ్గము పట్టి నడిపించునపుడు, మేత వేయునపుడు, గిట్ట ఎత్తి చూచునపుడు తగులు దెబ్బలును తక్కువ కావు. కనుక కొత్తగా వచ్చినవాడు వెఱచుట పిఱికితనము కాదు; వాని బుద్ధి సరిగా పని చేయుచున్నదనుటకు గుర్తు.

ఈ భయమునకు లోకములో రెండు మందులు ప్రచారమున ఉన్నవి. మొదటిది బింకము. భయము లేనట్లు నటింపుమని, గుఱ్ఱము దానిని కనిపెట్టలేదని చెప్పుదురు. ఈ సలహా వినినవాడు మొదటి భయమునకు తోడు నటన బయటపడునేమోనన్న రెండవ భయమును కూడ మోయవలసి వచ్చును. రెండవ మందు బలము. యజమాని ఎవరో మొదటనే తెలియజేయుమని, గట్టిగా గుంజుమని, అవసరమైన ఒకటి తగిలింపుమని చెప్పుదురు. అరువది కిలోలవాడు అయిదువందల కిలోల ప్రాణితో బలపరీక్షకు దిగినచో, నొప్పి కలిగించుట తప్ప గెలుచు మార్గము వేఱొకటి లేదు. అట్లు గెలిచినవాడు రేపటి దినమున అదే గుఱ్ఱము ప్రక్కకు ఇంకను ఎక్కువ భయముతో పోవలసి యుండును.

ఈ రెండు మందులలోను ఉన్న లోపము ఒక్కటే. రెండును భయమును ఒక్క వైపుననే చూచుచున్నవి. నిజమునకు ఆ లాయములో భయపడుచున్నవారు ఇద్దరు.

రెండవ పిఱికి

గుఱ్ఱము వేటాడు మృగము కాదు, వేటకు గురియగు మృగము. దాని దేహమంతయు పారిపోవుటకే నిర్మితమైనది. కన్నులు తలకు ఇరుప్రక్కల నుండుటచే అది కదలకయే తన చుట్టునున్న ప్రపంచమును ఇంచుమించు 350 డిగ్రీల మేర చూడగలదు. మిగిలిన కొద్ది భాగమే దానికి చీకటి. ఆ చీకటి రెండుచోట్ల నున్నది: ఒకటి సరిగా తోక వెనుక, రెండవది నుదుటికి ఎదురుగా, ముక్కు క్రిందుగా. తెలియనివాడు గుఱ్ఱమును సమీపించుటకు సాధారణముగా ఎన్నుకొను దారులు ఈ రెండే. వెనుకనుండి చప్పుడు లేక వచ్చి నడుముపై చేయి వేయును. లేదా ఎదుటికి పోయి ముక్కుపై చేయి చాచును. గుఱ్ఱమునకు ఆ చేయి శూన్యమునుండి ఊడిపడినట్లు తోచును.

దానికి తోడు గుఱ్ఱము నిలుచుండియే కునుకు తీయగలదు. కాళ్ల కీళ్లు పట్టు విడువక ఆనుకొనునట్లు ప్రకృతి దానికి ఏర్పాటు చేసినది. కన్నులు తెరచి నిలిచియున్న గుఱ్ఱము మేలుకొనియే యున్నదనుకొని దగ్గరకు పోయినవాడు దాని నిద్ర చెరిచినవాడగును. ఉలికిపడిన గుఱ్ఱము విసరిన తాపు నిజముగా ఆ మనిషికై ఉద్దేశింపబడినది కాదు. అది యుగయుగముల క్రిందట దాని పూర్వుల వెంటబడిన తోడేలునకు చెందవలసినది. ఈ సంగతి తెలిసినందున తాపు నొప్పి తగ్గదు గాని, గుఱ్ఱమును గూర్చి మనసులో నున్న పగ తగ్గును. పగబట్టిన జంతువు దగ్గరకు పోవుట వేఱు, బెదరిన జంతువు దగ్గరకు పోవుట వేఱు.

ఈ భేదమును గుర్తించుటచే కీర్తి గడించిన బాలుని కథను ప్లూటార్కు తన అలెగ్జాండరు చరిత్రలో చెప్పియున్నాడు. థెస్సలీ దేశమునుండి ఫిలోనికస్ అనువాడు బ్యూసిఫలస్ అను గుఱ్ఱమును తెచ్చి, మాసిడోనియా రాజైన ఫిలిప్పునకు 13 టాలెంట్లకు అమ్మజూపెను. అది ఎవరిని ఎక్కనీయక, ఎవరి మాటను విననీయక ముంగాళ్లు ఎత్తి లేచుచుండుటచే రాజు దానిని తోలుకొని పొమ్మనెను. అంతమంది రాజసేవకులు చూడని దొక్కటి బాలుడైన అలెగ్జాండరు చూచెను. గుఱ్ఱము తన ముందు పడుచున్న తన నీడకే బెదరుచున్నది. అతడు పోయి పగ్గము పట్టి, దాని ముఖమును సూర్యునివైపు త్రిప్పెను. నీడ వెనుకకు పోయెను. పిమ్మట వెంటనే ఎక్కలేదు. కొంతసేపు దాని ప్రక్కన నడచుచు, నిమురుచు, అది నెమ్మదించిన తరువాతనే పైవస్త్రమును జారవిడిచి ఎక్కెను. కథ చదివినవారికి జ్ఞాపకముండునది ఆ స్వారి. కాని గెలుపు అంతకు ముందే, నేలపైననే సిద్ధించినది. ఆ బాలుడు గుఱ్ఱము కంటె బలవంతుడు కాలేదు. అది దేనికి వెఱచుచున్నదో కనుగొనెను, అంతే.

అశ్వహృదయము

మనిషి భయమును గుఱ్ఱము పసిగట్టునన్న మాట లాయములలో తరతరములుగా వినబడుచున్నది. ఇందులో నిజమెంత?

ఇరువదవ శతాబ్దపు తొలి సంవత్సరములలో బెర్లిను నగరమున హాన్స్ అను గుఱ్ఱము కూడికలు, తీసివేతలు చేయునని పేరు పొందెను. దాని యజమాని వాన్ ఓస్టెన్ ప్రశ్న వేయగా, అది గిట్టతో నేలను తట్టి సరియైన సంఖ్య వద్ద ఆగెడిది. 1904లో ఒక విచారణ సంఘము దీనిని పరిశీలించి మోసమేదియు లేదని తేల్చెను. పిమ్మట ఆస్కార్ ఫుంగ్‌స్ట్ అను శాస్త్రజ్ఞుడు మరింత లోతుగా పరీక్షించి 1907లో అసలు రహస్యమును వెల్లడించెను. ప్రశ్న వేసినవానికి జవాబు తెలియనపుడు గాని, అతడు గుఱ్ఱమునకు కనబడనపుడు గాని హాన్స్ జవాబు తప్పెడిది. సరియైన లెక్క వచ్చునప్పటికి ప్రశ్న వేసినవాని తల తనకు తెలియకయే రవ్వంత కదలెడిది. గుఱ్ఱము ఆ కదలికను చూచి ఆగెడిది. గుఱ్ఱమునకు గణితము రాదని తేలినది. కాని మనిషి తానే ఎఱుగని తన దేహపు కదలికలను గుఱ్ఱము చదువగలదని కూడ తేలినది. రెండవది మొదటిదానికంటె పెద్ద విద్య.

2009లో స్వీడను దేశపు పరిశోధకులు ఇంకొక ప్రయోగమును ప్రకటించిరి. కొందరు మనుష్యులు గుఱ్ఱములను పగ్గము పట్టి నడిపించిరి. కొందరు స్వారి చేసిరి. ఒక గుర్తునుండి మరియొక గుర్తువరకు అదే దారిని పలుమార్లు పోవలెను. మనిషి గుండె వేగమును, గుఱ్ఱపు గుండె వేగమును యంత్రములు కొలుచుచుండెను. నాల్గవసారి బయలుదేరుటకు ముందు, ఈ పర్యాయము గుఱ్ఱము పోవునపుడు ప్రక్కన గొడుగు తెరవబడునని మనుష్యులతో చెప్పిరి. గొడుగు తెరువనే లేదు. అయినను మనుష్యుల గుండెలు వేగముగా కొట్టుకొన్నవి; వారితోపాటు గుఱ్ఱముల గుండెలును వేగమందుకొన్నవి. గొడుగు సంగతి గుఱ్ఱములకు ఎవరును చెప్పలేదు. అది వాటికి చేరిన దారి ఆ మనుష్యుల దేహములే. మనిషి చెమట వాసన కూడ ఒక దారి కావచ్చునని, భయపెట్టు చలనచిత్రము చూచినవారి వాసనను, సంతోషపెట్టు చిత్రము చూచినవారి వాసనను గుఱ్ఱములు వేరుపరుపగలవని ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞులు 2023లో తెలిపిరి.

భారతమున నలోపాఖ్యానము చదివినవారికి అశ్వహృదయమన్న పేరు కొత్త కాదు. బాహుకుని వేషముననున్న నలుడు ఋతుపర్ణుని రథమునకు గుఱ్ఱములను పూన్చెను. రాజు తొందరపడి రథమెక్కగానే ఆ గుఱ్ఱములు మోకాళ్లపై కూలబడెను. అంత నలుడు కొరడా ఎత్తలేదు. ముందుగా వాటిని బుజ్జగించి, నెమ్మదింపజేసి, పిమ్మట పగ్గములు బిగించి రథమును ఆకాశమున ఎగిరినట్లు నడిపెను. ఆ విద్యకు గుఱ్ఱపు బలమనియో, గుఱ్ఱపు లక్షణమనియో పేరు పెట్టక, గుఱ్ఱపు హృదయమని పేరు పెట్టినవారి చూపు సామాన్యమైనది కాదు. నేటి యంత్రములు దానికి ఒక్క మాట చేర్చినవి: ఆ హృదయమునకు పోవు దారి పట్టుకొన్నవాని హృదయము గుండా కూడ పోవుచున్నది.

ఇది వినిన పిఱికివానికి నిరాశ కలుగవచ్చును. తన గుండె దడను గుఱ్ఱము గ్రహించునన్నచో, దడ తగ్గువరకు దగ్గరకు పోరాదా? దగ్గరకు పోకున్న దడ తగ్గుటెట్లు? ఈ చిక్కును విప్పు ఉపాయము లేకపోలేదు. గుండెను ఆజ్ఞాపించుట ఎవరి తరము కాదు. ఊపిరిని, చేతులను, అడుగులను మాత్రము ఆజ్ఞాపింపవచ్చును. గుఱ్ఱము చదువు పుస్తకములో పెద్ద అక్షరములు ఇవియే.

చేతికి పని చెప్పుట

భయపడినవాడు చేయు పనులను గమనించినచో అవి ఎప్పుడును ఒక్క తీరుననే యుండును. ఊపిరి బిగబట్టును. గుఱ్ఱపు కన్నులలోనికి రెప్ప వేయక చూచును. రెండడుగులు వేసి ఆగును, మరల వేయును. వేలికొనలతో తాకీ తాకనట్లు తాకును. ఈగ వ్రాలినను చర్మమును జలదరింపజేయు జంతువునకు ఆ తాకుడు ఈగ కంటె మేలుగా నుండదు. పగ్గమును దవడ క్రింద బిగబట్టును. గుఱ్ఱము ఒక అడుగు ముందుకు వేయగానే తాను ఒక అడుగు వెనుకకు వేయును. మాటునుండి వచ్చు మృగము సరిగా ఇట్లే ఊపిరి బిగబట్టి, చూపు నిలిపి, ఆగి ఆగి వచ్చును. పాపము, ఆ మనిషి భయము చేత పులివలె నడచుచున్నాడు.

తెలుగునాట పశువులతో పెరిగిన రైతుబిడ్డకు ఇందులో సగము పాఠము ముందే తెలియును. కొత్త ఎద్దు దగ్గరకు పోవునపుడు అతడు దూరమునుండియే హోయ్ హోయ్ అని మాట కలుపును. ప్రక్కగా వచ్చి, వీపుపై అరచేయి నిండుగా వేసి, గంగడోలు నిమురును. గుఱ్ఱమునకును ఇదే మర్యాద. ముఖమునకు ఎదురుగా గాక, తోక వెనుకనుండి గాక, భుజమువైపుగా నడచి రావలెను. సాధారణముగా ఎడమ ప్రక్కనుండి వచ్చుట ఆచారము. వచ్చుచు మెల్లగా మాటలాడుచుండవలెను. మాటలాడువాడు ఊపిరి బిగబట్టలేడు. ఆ మాటల వలన గుఱ్ఱమునకు మనిషి యున్న చోటు తెలియును, మనిషికి ఊపిరి ఆడును. ఒక్క పనితో ఇద్దరికిని మేలు.

దగ్గరకు చేరిన పిమ్మట ముక్కును కాక, మెడ మొదలున మూపుకడ గోకవలెను. గుఱ్ఱములు ఒకదాని నొకటి పండ్లతో గోకుకొను చోటు అదియే. ఫ్రాన్సులోని కమార్గు గుఱ్ఱములపై జరిపిన పరిశీలనలో ఆ చోట గోకినపుడు గుఱ్ఱపు గుండె వేగము తగ్గినట్లు 1993లో ప్రకటింపబడినది. గోకుచు చెవులను చూడవలెను. చెవులు వదులుగా ప్రక్కలకు వాలియున్నచో అది నెమ్మదిగా నున్నది. నిక్కబొడిచి ఒక్క దిక్కుననే నిలిచినచో అక్కడ దానికేదో తోచుచున్నది. వెనుకకు మెడపై అణగినచో అది హెచ్చరిక. అట్టి సమయమున వెనుకకు తగ్గుట పిఱికితనము కాదు, చదువు వచ్చుట.

పగ్గము పట్టుటలో ఒక్క నియమమునకు మినహాయింపు లేదు. పగ్గమును చేతికి చుట్టుకొనరాదు. మిగులు త్రాటిని మడతలుగా పెట్టి మడతల నడుమ పట్టుకొనవలెను. చుట్టుకొన్నచో గుఱ్ఱము పరుగెత్తినపుడు చేయి వదలుకొను దారి యుండదు. నడిపించునపుడు ముందు నిలిచి గుంజరాదు. తల భుజముల నడుమ ప్రక్కగా నడువవలెను. వెనుకగా దాటవలసి వచ్చినచో రెండే దారులు: మాటలాడుచు, తుంటిపై చేయి ఆనించి, దేహమును దేహమునకు ఒరసి పోవుట, లేదా తాపు అందనంత దూరమున పోవుట. ఈ రెంటికిని నడిమి దూరమే అపాయకరము, ఏలయన కాలు విసరునపుడు పూర్తి బలము చేరునది అక్కడనే. గిట్ట ఎత్తునపుడు చేతిని భుజము నుండి క్రిందికి జార్చుచు పోవలెను. వంగవలెను గాని మోకాళ్లపై కూర్చుండరాదు. బీటిలో విడిచిపెట్టునపుడు గుఱ్ఱపు ముఖము తనవైపునకు త్రిప్పి, ఆ పిమ్మటనే పగ్గము విప్పవలెను. గట్టి చెప్పులు, తలకు శిరస్త్రాణము ఉండవలెనని వేఱుగ చెప్పనక్కరలేదు.

ఈ నియమములన్నియు గాయము కాకుండుటకే అని పైకి తోచును. కాని వీటికి ఇంకొక ప్రయోజనము కలదు. ఏమి జరుగునోయను ఆలోచనకు చోటీయక ఇవి మనసును తరువాత చేయవలసిన పనిపై నిలుపును. ధైర్యము తెచ్చుకొని పని మొదలుపెట్టవలెనని అందరును అందురు. లాయములో క్రమము తలక్రిందులు: పని తెలిసిన కొలది ధైర్యము దాని వెంట వచ్చును.

గుఱ్ఱము నేర్చుకొను విధమును తెలిసికొనుట కూడ ఇందులో భాగమే. పగ్గము బిగించినపుడు అది నేర్చుకొనదు. తాను అడుగు కదపగానే బిగువు సడలినపుడు నేర్చుకొనును. భయపడినవాని చేతిలో పగ్గము ఎప్పుడును బిగువుగనే యుండుటచే, సరిగా చేసినను చేయకున్నను గుఱ్ఱమునకు ఒక్కటే జవాబు దొరకును. అట్లే అది భుజముతో నెట్టగానే మనిషి వెనుకకు తగ్గుచున్నచో, నెట్టుటయే లాభమని అది గ్రహించును. అది దుర్మార్గము కాదు. తెలియకయే ఆ మనిషి నేర్పిన పాఠము. అడుగగానే అడిగి, చేయగానే విడుచు చేయి గుఱ్ఱమునకు అర్థమగును. అర్థమైన చేతికి అది వెఱవదు.

అంగలు

1924లో అమెరికా దేశమున మేరీ కవర్ జోన్స్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞురాలు కుందేలును చూచి జడియు పీటరు అను మూడేండ్ల లోపు బాలుని భయము పోగొట్టిన తీరును ప్రకటించెను. పిల్లవాడు తన కిష్టమైనది తినుచుండగా, పంజరములోని కుందేలును వాడు ఏడువనంత దూరమున ఉంచిరి. దినదినమును ఆ దూరమును కొద్దికొద్దిగా తగ్గించిరి. తుదకు వాడు దానిని తాకి, తన వ్రేళ్లను కొఱుకనిచ్చునంత వాడాయెను. ఇందులో పిల్లవానిని ఎవరును కుందేలు మీదికి నెట్టలేదు. ధైర్యమును గూర్చి ఉపన్యాసమును చేయలేదు.

గుఱ్ఱపు భయమునకును ఈ మార్గమే తగినది. మొదటి దినమున పది మూరల దూరమున నిలిచి, తెలిసినవాడు మాలీసు చేయుచుండగా చూచుట చాలును. మరునాడు లాయపు తడిక బయటనుండి మాట కలుపవచ్చును. ఆ తరువాత తెలిసినవాడు పగ్గము పట్టియుండగా మూపు గోకి వెనుకకు రావచ్చును. దడ మితిమీరకముందే, పని బాగుగా సాగుచుండగనే ఆపవలెను. భయము పొంగిన తరువాత పారిపోయి వచ్చినచో మనసు ఆ పారిపోవుటనే జ్ఞాపకముంచుకొనును. బెదరు గుఱ్ఱమునకు గొడుగును, గుడ్డను, బండిని అలవాటు చేయువారు అనుసరించు పద్ధతియు ఇంతకంటె వేఱు కాదు. గుఱ్ఱమునకు చూపు ఓర్పును మనిషి తనకు తాను చూపుకొనుటకు సిగ్గుపడ నేల?

ఒక్క జాగ్రత్త కలదు. కొత్తవానికి పాత గుఱ్ఱమును, కొత్త గుఱ్ఱమునకు పాతవానిని జతపరుపవలెను. ఇద్దరు బెదరువారిని ఒక్కచోట కట్టి, ఒకరికొకరు నేర్చుకొనుడనుట క్రూరము. ఏ తప్పునకైనను పట్టుకొన్నవాని భయమే కారణమనుటయు న్యాయము కాదు. వీపు పుండైన గుఱ్ఱము, పంటినొప్పితో బాధపడు గుఱ్ఱము ఎంతటి నిబ్బరము గలవానినైనను తన్నును. అట్టిదాని దగ్గరకు పోననుట తెలివిగలవాడు చేయు పని.

కోపముగా మారు భయము

ఇంత శ్రద్ధ ఎందులకు, భయపడువాడు మానుకొనవచ్చును గదా యని అడుగువారు ఉందురు. మానుకొనగలవాడు మానుకొనవచ్చును. పొట్టకూటికై ఆ పని చేయువాడు మానుకొనలేడు. వాని భయమునకు బయటికి పోవు దారి ఒక్కటే మిగులును. అది కోపము. లాయములలో వినబడు కేకలలో, కొరడా చప్పుడులలో, నోరు కోసికొనిపోవు కళ్లెములలో ఎంత భాగము క్రౌర్యమో, ఎంత భాగము భయమో విడదీసి చెప్పుట కష్టము. గ్రీకు సేనానియైన జెనోఫన్ క్రీస్తుపూర్వము నాల్గవ శతాబ్దమున అశ్వవిద్యపై వ్రాసిన గ్రంథమున, కోపముతో ఎన్నడును గుఱ్ఱము జోలికి పోరాదని హెచ్చరించెను. ఏదైన వస్తువును చూచి బెదరిన గుఱ్ఱమును కొట్టినచో భయము హెచ్చునని, ఆ నొప్పికి ఆ వస్తువే కారణమని గుఱ్ఱము తలచునని అతడు ఆనాడే చెప్పియున్నాడు.

ఒకప్పుడు తెలుగు పట్టణములలో రైలుస్టేషను బయట వరుసగా నిలిచిన జట్కాలను చూచినవారికి ఈ మాట బోధపడును. కంటికి గంతలు కట్టినంత మాత్రమున గుఱ్ఱపు బెదరు పోదు. గంతలు వెనుకటి వస్తువులను మరుగుపరుచును గాని చెవులను మూయవు. ఆ బండ్లలో కొన్ని గుఱ్ఱములు నాలుక చప్పుడుతోనే కదలెడివి; కొన్ని చెర్నకోల లేనిదే కదలనివి. జాతిలో భేదము లేదు, పట్టిన చేతిలో భేదము. నేటికిని హైదరాబాదు వంటి నగరములలో పెండ్లి ఊరేగింపునకు గుఱ్ఱమును తెత్తురు. బాజాలు, బాణసంచా, కన్నులు మిరుమిట్లు గొలుపు దీపములు, తోక వెనుక గంతులు వేయు పిల్లలు. ఇంతటి గందరగోళమున అందరి దృష్టియు పైనున్న వరునిపైననే యుండును. ఆ వరుని క్షేమము, పిల్లల క్షేమము, గుఱ్ఱపు క్షేమము ముఖముకడ పగ్గము పట్టి నిలిచిన ఒక్కని ఊపిరిపై ఆధారపడి యున్నది. వాడు నెమ్మదిగా నుండుట వాని సొంత విషయము కాదు.

హైదరాబాదులోని సర్దార్ వల్లభభాయి పటేల్ జాతీయ పోలీసు అకాడమీలో ఐ.పి.ఎస్. శిక్షణార్థులకు స్వారియు శిక్షణలో భాగముగా నుండుచు వచ్చినది. పుస్తకములతో కుస్తీపట్టి, కఠినమైన పరీక్షలు గెలిచి వచ్చినవారికి అక్కడ ఏ జవాబును వినని పరీక్షకుడు ఒకడు ఎదురగును. ఆ పరీక్షకునికి హోదా తెలియదు, బింకము పట్టదు. రేపు జనసమూహముల నడుమ నిలువవలసినవారికి ఇంతకంటె మంచి తొలిపాఠము దొరకదు: బెదరినవారి ఎదుట తాను బెదరినట్లు కదలరాదు, బెదరినవారిని కొట్టి నెమ్మదింపజేయుట సాధ్యము కాదు.

ఈ విద్యలో పూర్తి నిర్భయత గురి కాదు. నలువదేండ్లు గుఱ్ఱములతో గడపినవాడును వెనుకగా పోవునపుడు చేయి ఆనించియే పోవును, పగ్గమును మడతపెట్టియే పట్టును. మొదట గుండెలో నున్న భయము ఇప్పుడు చేతి అలవాటులో నున్నది. పేరు మాత్రము జాగ్రత్తయని మారినది. ఇందులో గెలుపు కూడ చూచువారికి కనబడునది కాదు. ఒక ఉదయమున ఎవరో ఒకరు లాయములోనికి పోయి, నాలుగు మాటలాడి, పగ్గము తగిలించి, గుఱ్ఱమును నీళ్లతొట్టివరకు నడిపించి, అది త్రాగిన పిమ్మట మరల తెచ్చి కట్టివేయును. దారిలో ఏమియు జరుగదు. కొన్ని నెలల క్రిందట తడిక బయట చెమర్చిన అరచేతులతో నిలిచినవానికి, ఆ ఏమియు జరుగకపోవుట ఎంతటి విశేషమో వానికే తెలియును. గుఱ్ఱమునకు కూడ తెలియును గాబోలు. అది నీరు త్రాగునంతసేపు చెవులు వదులుగా వ్రేలవేసికొని నిలుచును.